కాటా గదిలో నిరుపమ

చీమకుర్తి రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం,
రాళ్ళ లారీలు కూడా నీడ వెతుక్కునే వేళ,
రసీదుల కట్ట కింద దాచిన నవల
మెల్లిగా పైకి లాగుతాను.
ఒంగోలు అద్దె లైబ్రరీది. రోజుకు మూడు రూపాయలు.
అట్ట ఊడింది, పేరు సగమే మిగిలింది.

మొదటి పేజీలోనే నిరుపమ ఎవరినో కడిగేస్తోంది.
ఆడిట్ ఆఫీసరు. చంకలో ఫైలు, కాళ్ళకి బూట్లు.
మేనేజరు కుర్చీలో తనే కూర్చుని
"నిలబడే చెప్పండి, అబద్ధాలు తొందరగా అయిపోతాయి" అంటోంది.
అబ్బ! అక్కడే నాకు చెమట ఆరింది.

హీరోకి నెల్లూరులో మిఠాయి కొట్టు.
పేరు చిదంబరం. మనిషి మెత్తన, లెక్కలు మరీ మెత్తన.
లంచమని తెలీకుండానే, పాపం,
కిలో మలై కాజా ఆఫీసుకి పంపించాడు.
ఆమె డబ్బా తూకం వేయించి రిపోర్టులో ఎక్కించింది:
"పదిహేడో అంశం. కాజాలు అందినవి. యాభై గ్రాములు తక్కువ.
రుచిలో లోపం లేదు."

ఇక నవ్వు ఆగితే ఒట్టు.
మస్తాను లారీలోంచి తల బయటపెట్టాడు.
"ఏందక్కా, ఒక్కదానివే నవ్వుతుండావు, ఎండ తగిలిందా?"
"నీ బండి రెండు టన్నులు ఎక్కువుంది, ముందు దానికి ఏడువు."
అనేశాక, ఇది ఆమె అన్నదా నేనన్నదా అని ఆగాను.
నేనే. పదకొండేళ్ళుగా ఇదే నోరు.
కాటా మాలకొండమ్మంటే పొదిలి దాకా తెలుసు.
మావాళ్ళు నా గురించి చెప్పేటప్పుడు
"మంచిదే" అని, కాస్త గుటక మింగి, "కానీ" అంటారు.
ఆ కానీ దగ్గరే నన్ను ఆపేస్తారు.
ఈ నవల ఆ కానీ దగ్గర మొదలైంది.

నూటపన్నెండో పేజీ అంచున ఎవరో పెన్సిలుతో:
"ఇంత నోరున్నదానికి మొగుడెట్టా దొరుకుతాడు?"
కింద ఎర్ర సిరా, గుండ్రటి అక్షరాలు:
"దొరికాడుగా. 214 చూసుకో."
ఇంకెవరో, నూనె వేలిముద్రతో సహా:
"కథంతా చెప్పేసినావే, నీ దుంప తెగ!"
ఎవరో ఈ ఆడోళ్ళు.
ఏ కందుకూరులో, ఏ దర్శిలో
పప్పు మాడగొట్టుకుని చదివారో.

నేను మాత్రం ముందుకు తిప్పలేదు.
కాజాని మింగేస్తారా ఎవరైనా?
చిదంబరం గొడుగు మరిచిపోతాడు. ఆమె తెచ్చిచ్చి
"ఎనిమిది ఊచల్లో ఒకటి విరిగింది, నా తప్పు కాదు" అంటుంది.
అతను చూసేది గొడుగుని కాదు.
నాకు తెలిసిపోయింది. ఆమెకే ఇంకా తెలీదు,
అంత పెద్ద ఆడిట్ ఆఫీసరు!

పేజీలు పల్చబడే కొద్దీ గుండెల్లో దడ.
ఇట్టాంటివి ఎన్ని చదవలేదు.
చివర్లో ఆమెకి జ్వరం తెప్పిస్తారు,
గొంతు తగ్గిస్తారు,
కాఫీ గ్లాసుతో తలుపు పక్కన నిలబెడతారు.
లారీలు మూడు వరసగా వచ్చాయి.
మూడింటికీ చీటీలు కొట్టాను ఒంటిచేత్తో,
రెండోచేతి వేలు 213లోనే ఉంచి.

తిప్పాను.
రిజిస్ట్రారు ఆఫీసు. చిదంబరం చేతులు వణుకుతున్నాయి.
నిరుపమ ఫారం లాక్కుని చదివి
"పుట్టినతేదీ కూడా తప్పే రాశారు.
సరే, సంతకం పెట్టండి, జీవితాంతం దిద్దుకుందాం" అంది.
గట్టిగానే అంది. వరండాలో గుమాస్తాలకి వినపడేటట్టు.
అతనికి ఆ గొంతే కావాల్సింది. నవ్వుతూ పెట్టాడు.

సాయంత్రం బళ్ళు లేనప్పుడు
నవలని తీసుకుపోయి కాటా పలక నడుమ పెట్టి
లోపలికొచ్చి చూశాను. సున్నా.
టన్నులకి టన్నులు నల్లరాయి తూచే మొహం,
దీని బరువేం తెలుస్తుంది దానికి.
తిట్టుకుంటూ పుస్తకం తెచ్చుకుని, పెన్సిలు చెక్కి,
నూనె వేలిముద్ర కింద ఖాళీలో రాశాను:
"చివరిదాకా చూశాను. యాభై గ్రాములు కూడా తగ్గలేదు."

బయట మస్తాను హారన్ కొడుతున్నాడు.
కొట్టనీ.